మారుతీ 800కి మోటార్: ముందు గట్టు, తర్వాతే కిలోవాట్లు

నాన్న పాత మారుతీ 800ని కరెంటు బండిగా మారుస్తున్నానని తెలిసినవాళ్లంతా ముందు అడిగేది "ఎన్ని కిలోవాట్లు?" అనే. బోరు మోటారును హార్స్‌పవర్ చూసి కొనే అలవాటు కదా మనది. కానీ బోరు మోటారు ఎప్పుడూ దాదాపు ఒకే స్పీడులో తిరుగుతుంది. కారు ఆగిన చోటు నుంచి బరువుతో లేవాలి. అక్కడ కావలసింది టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం.

ఈ బండి పని నూజివీడు దగ్గర మా మామిడి తోటలోనే. కోసిన కాయల ట్రేలు తోట కింది భాగం నుంచి షెడ్డుకి చేరాలి. మధ్యలో ఒక గట్టు ఉంది. తాపీమేస్త్రీల లెవెల్ ట్యూబు పట్టి చూస్తే ఐదడుగులకు అడుగు ఎత్తు తేలింది. బండి 650 కిలోలు. ఇంజిన్, రేడియేటర్, ట్యాంకు తీసేసి మోటార్, బ్యాటరీలు పెడితే బరువు ఇంచుమించు సరిపోతుంది. ఇద్దరు మనుషులు, పది ట్రేలు కలిపితే టన్ను అనుకోండి. ఆ వాలు మీద టన్ను బరువును లాగడానికి సుమారు 2,000 న్యూటన్లు, మెత్తటి మట్టికి ఇంకో 500. చక్రం వ్యాసార్ధం పావు మీటరు కాబట్టి చక్రాల దగ్గర దాదాపు 625 న్యూటన్ మీటర్లు కావాలి. చదునైన గట్టి బాటలో 30 కి.మీ. వేగానికి మూడు కిలోవాట్లు చాలు. అంటే మోటారును తేల్చేది గట్టే.

ఇక గేర్‌బాక్స్. చక్రం ఒక్క చుట్టు తిరగడానికి మోటార్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేదే రేషియో. నెట్‌లో దొరికే రేషియోలను నమ్మే కన్నా కొలుచుకోవడమే నయం. ముందు రెండు చక్రాలూ జాకీల మీద లేపి, ఒకదాన్ని తాడుతో కట్టేశాను. టైరు మీద సుద్దముక్క గీత, గేర్‌బాక్స్‌ని ఇంజిన్ వైపు నుంచి తిప్పే ఇన్‌పుట్ షాఫ్ట్ మీద మార్కర్ గీత. ఒక చక్రం కదలకపోతే డిఫరెన్షియల్ రెండోదాన్ని రెట్టింపు తిప్పుతుంది. అందుకని వదిలిన చక్రాన్ని రెండు చుట్లు తిప్పితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే మొత్తం రేషియో. ఫస్ట్‌లో 15.5, సెకండ్‌లో 9.4, థర్డ్‌లో ఆరుకి కొంచెం తక్కువ వచ్చింది.

రాపిడికి పది శాతం కలిపి చూస్తే, గట్టెక్కడానికి మోటార్ నుంచి ఫస్ట్‌లో 45, సెకండ్‌లో 73, థర్డ్‌లో 120 న్యూటన్ మీటర్లు రావాలి. గేర్‌బాక్స్ పీకేసి మోటారును నేరుగా తగిలిద్దామనేవాళ్లకు ఈ అంకెలే జవాబు: గేరు సాయం తగ్గేకొద్దీ మోటార్ అంత ఎక్కువ టార్క్ ఇవ్వాలి. పాత ఇంజిన్ టార్క్ కూడా 60 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే ఉండేది, అదీ రేజ్ చేస్తేనే. మోటార్ సున్నా స్పీడు నుంచే ఇస్తుంది.

స్పీడు లెక్క కూడా చూడాలి. 145/70 ఆర్12 టైరు చుట్టుకి 1.6 మీటర్లు పోతుంది. గంటకు 40 కి.మీ. అంటే సెకండ్‌లో మోటార్ 3,900 ఆర్‌పీఎం. ఫస్ట్‌లో 4,500 తిరిగినా దాదాపు 28 కి.మీ. వస్తుంది, తోటలో అంతకన్నా ఎవడు తోలతాడు?

అలా 72 వోల్టుల పీఎంఎస్‌ఎం (రోటర్‌లో శాశ్వత అయస్కాంతాలుండే ఏసీ మోటార్) దగ్గర ఆగాను. ఆగకుండా ఇచ్చే కంటిన్యువస్ పవర్ 7.5 కిలోవాట్లు, కాసేపే ఇవ్వగల పీక్ టార్క్ 60 న్యూటన్ మీటర్లు. నేమ్‌ప్లేట్ మీద ఎస్1 అని ఉంటే రోజంతా ఇచ్చే పవర్, ఎస్2 60 నిమిషాలు అని ఉంటే గంటసేపే. ఒక షాపతను పీక్ పవర్‌ని పెద్దక్షరాలతో చూపించి "పదిహేను కిలోవాట్లు సార్" అన్నాడు. కంటిన్యువస్ ఎంతంటే ఫోన్ తీసి ఎవరికో చేశాడు.

ఫోర్క్‌లిఫ్ట్ నుంచి తీసిన సిరీస్ డీసీ మోటార్ స్క్రాపులో చవగ్గా దొరికేది. స్టార్టింగ్ టార్క్ బ్రహ్మాండం. కానీ బండి న్యూట్రల్‌లో ఉండగా పొరపాటున యాక్సిలరేటర్ తొక్కితే లోడు లేక స్పీడు పెరుగుతూనే పోయి ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) చీలిపోతుంది. మా తోటలో బండి ఎక్కేది నేనొక్కణ్ణే కాదు, అందుకే వద్దనుకున్నాను.

మోటారుని గేర్‌బాక్స్‌కి కలపడమే అసలు పని. పాత క్లచ్ ప్లేటు మధ్యలోని పళ్ల హబ్బుని కోసి, మోటార్ షాఫ్ట్ కప్లింగ్‌కి బిగించాలి. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మేస్త్రీ షాఫ్టుల వంకర చూపే డయల్ గేజ్ పెట్టి, ముల్లు కదలడం దాదాపు ఆగేదాకా మోటారుని సుత్తితో చిన్నగా తడుతూనే ఉన్నాడు. "ఇక్కడ వెంట్రుకంత తేడా ఉన్నా బేరింగు తినేస్తది అన్నా" అన్నాడు.

క్లచ్ లేదు. నడుస్తుండగా గేరు మార్చొచ్చు గానీ, రోటర్ వేగం తగ్గించే భారమంతా గేర్ల వేగాలను కలిపే సింక్రో రింగుల మీద పడుతుంది. అందుకే లోడుంటే ఫస్ట్, ఖాళీ అయితే సెకండ్, ఆపి మార్చుకోవడమే. "ఫస్ట్‌లో పెట్టి వదిలెయ్ బావా, మేమెవ్వరం ముట్టుకోం" అని మా బావమరిది సలహా.

ఇది మా తోట కంచె దాటదు. రోడ్డెక్కించాలంటే ఏఐఎస్-123 (కరెంటు మార్పిడి కిట్ల ప్రమాణం) ప్రకారం టెస్టయిన, అప్రూవల్ ఉన్న కిట్టే కావాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్‌సీలోనూ మార్పు ఎక్కించుకోవాలి. రోడ్డు మీద తిప్పే ఉద్దేశం ఉంటే మోటార్ కొనకముందే ఆర్టీవో ఆఫీసుకి ఒకసారి వెళ్లిరండి.