ఉమ్మడి ఇంటి తాళం తీయించడం: బరంపురం పాతపేటలో నా అనుభవం

గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, అంటే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడక ముందు, బరంపురానికి శివారుగా వెలసిన పేటల్లో మా పుట్టింటి పేట ఒకటి. కోర్టు గుమాస్తాలు, బడిపంతుళ్లు, పట్టు వ్యాపారుల దగ్గర లెక్కలు రాసేవారు కట్టుకొన్న ఇళ్లు అవి. వీధివైపు సన్నగా, లోపలికి పొడవుగా ఉండి, అరుగు, నడవ, మండువా, వంటిల్లు, నుయ్యి, పెరడు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ఊరు అంబపువా వైపు, జాతీయ రహదారి వైపు పెరిగిపోవడంతో ఆ శివారు ఇప్పుడు ఊరి నడుమకు చేరింది. అయినా సాయంత్రం దీపం వెలిగే ఇళ్ల కన్నా తాళం వేలాడే ఇళ్లే ఎక్కువ. పిల్లలు విశాఖపట్నం, హైదరాబాదు, భువనేశ్వర్‌లలో స్థిరపడ్డారు. ఉన్నవారిలో చాలామంది నా ఈడువారు, లేదా నాకన్నా పెద్దవారు.

పేట పెద్దలు కలిసినప్పుడల్లా వయసు పిల్లలను మళ్లీ ఎలా రప్పించాలన్న మాట వచ్చేది. వీధి మొదట తోరణం కట్టాలని ఒకరు, గోడలకు బొమ్మలు వేయించాలని ఒకరు, చెరువు గట్టున దీపాలు పెట్టించాలని మరొకరు చెప్పేవారు. ఇవి అక్కరలేదని నేను అనను. కానీ రెండేళ్లకోసారి జరిగే అమ్మవారి ఉత్సవం ఠాకురాణి యాత్రకు ఊరంతా దీపాలతో నిండుతుంది, ఎక్కడెక్కడి పిల్లలూ వస్తారు, యాత్ర అయిపోగానే ఎవరి దారిన వారు వెళ్లిపోతారు. అలంకారానికి మనిషిని నిలిపే శక్తి ఉంటే మా పేట ఎన్నడో నిండిపోయేది.

బరంపురంలో యువతకు కొదవ లేదు. వైద్య కళాశాల 1962 నుంచి, విశ్వవిద్యాలయం 1967 నుంచి ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ 2016లో మొదలై, లౌడిగాంలోని సొంత ప్రాంగణానికి మారేవరకు ఊళ్లోని ఐటీఐ భవనంలో నడిచింది. ఆ రోజుల్లో పరిశోధక విద్యార్థులు గదుల కోసం ఊరంతా తిరిగేవారు. వారిలో ఒక్కరికైనా మా పేటలో ఇల్లు దొరికినట్లు నాకు గుర్తు లేదు. ఎందుకని తెలుసుకోవాలనిపించి, పరిచయస్తుల ద్వారా కొందరు హౌస్‌సర్జన్లతోనూ, నర్సింగ్ చదివే అమ్మాయిలతోనూ మాట్లాడాను. తోరణం ఊసు ఎవరూ ఎత్తలేదు. రాత్రి డ్యూటీ ముగించుకొని ఏ వేళకు వచ్చినా తీసుకోగల విడి తలుపు, మోటారు సైకిలు పెట్టుకొనే చోటు, ఎవరి కరెంటు మీటరు వారికి ఉండడం, నీళ్లు, వంటింట్లో ఏం వండుకొంటున్నారని అడగని యజమాని: వారు కోరినవి ఇవే. ఒక అమ్మాయి మాత్రం, “ఆంటీ, మీ వీధిలో ఖాళీ ఇళ్లు చాలా కనిపిస్తాయి గానీ, ఇస్తారా అని అడగడానికి మనిషే కనిపించడు” అంది. నేను ఈ పనికి పూనుకోవడానికి కారణం ఆ మాటే.

అడగడానికి మనిషి ఎందుకు లేడో మాకు తెలుసు. పట్టా ఇంకా తాతల పేరనే ఉంటుంది. వారసులు నాలుగు ఊళ్లలో ఉంటారు. ఒకరు అద్దెకిస్తే మిగిలినవారు అడుగుతారన్న భయంతో అందరూ కలిసి ఇంటిని పాడుపెడతారు. మా ఇల్లూ అలాగే మూతపడింది. అన్నయ్యకు ఫోన్ చేసి, పట్టా మన పేర్లకు మార్పించి ఇంటిని బాగుచేద్దామంటే, “దానికి చెయ్యి తగిలిస్తే తగువే తల్లీ, ఉన్నంత కాలం ఉండనీ” అన్నాడు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు వెనుక వసారా పెంకులన్నీ ఎగిరిపోయాయి. నాటి నుంచి పడిన వానంతా వంటింటి గోడలోకే దిగుతోంది. ఉండనీ అంటే ఉండేది ఇల్లు కాదని వదినతో చెప్పాను. అన్నయ్యను ఒప్పించింది ఆవిడే.

ముందుగా తేల్చుకోవలసింది ఆడపిల్లల వాటా సంగతి. అక్కచెల్లెళ్ల చేత ఊరికే హక్కు విడుదల పత్రం రాయించుకోవడం మా వైపు మర్యాదగా చెలామణీ అవుతున్న అలవాటు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో జరిగిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. స్వార్జితమైనా, వీలునామా లేకపోతే కూతురికీ వాటా వస్తుంది. నేనూ ఆడపిల్లనే కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగానే చెప్పాను. ఇంటి ముఖమేమో సన్నం. నిలువునా చీలిస్తే ఎవరికీ పనికిరాని గదులే మిగులుతాయి. అందుకని పంపకం మానుకొని, వారసులందరి పేర్లూ పట్టాలోకి ఎక్కించి, ఇంటి నిర్వహణ అధికారం నాకు ఇచ్చేటట్లు, మరమ్మతుకు పెట్టిన డబ్బు తీరాక అద్దెను వాటాల ప్రకారం పంచుకొనేటట్లు రాసుకొన్నాము. తగువు వస్తుందని అందరం భయపడ్డ చోట అసలు తగువే రాలేదు. కాగితాల పని మాత్రం అందరి ఓపికనూ పరీక్షించింది.

తహసీలులో వారసుల ధ్రువపత్రానికి దరఖాస్తు చేయాలంటే పోయినవారందరి మరణ ధ్రువీకరణలు కావాలి. మా మేనత్త పార్వతీపురంలో పోయింది కాబట్టి ఆమె పత్రం ఆంధ్ర నుంచి తెప్పించాము. అంతకన్నా పెద్ద చిక్కు పేర్లది. సరిహద్దు జిల్లాల తెలుగువారందరికీ ఇది తెలిసిన గొడవే. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు పొడి అక్షరంగా. ఒడిశా దరఖాస్తుల్లో దానికి చోటు చివర. మా నాన్నగారు ఉద్యోగం కాగితాల్లో ఒక తీరుగా, ఓటరు కార్డులో ఇంకో తీరుగా, ఒడియా లిపిలోని పాత పట్టాలో తాతగారి కొడుకుగా మరో తీరుగా ఉన్నారు. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ రాయించి, దానికి తోడుగా తెలుగులో ఉన్న తాతగారి క్రయదస్తావేజుకు నోటరీ చేసిన అనువాదం జతపరిచాము. ఈ పనిలోకి దిగేవారు ఇంట్లోని ప్రతి పత్రంలో పేరు ఎలా ఉందో ఒక కాగితం మీద వరుసగా రాసుకొని, ఏది ఏదితో కలవడం లేదో ముందే చూసుకొంటే చాలా తిరుగుడు తప్పుతుంది. వకీలు దగ్గరకు వెళ్లేది ఆ తరువాతే.

అమెరికాలో ఉన్న తమ్ముడి అధికారపత్రం విషయంలో ఇంకో జాగ్రత్త తీసుకోవలసి వచ్చింది. అక్కడి భారత కాన్సులేటులో సంతకం చేసిన పవర్ ఆఫ్ అటార్నీకి, మన దేశంలో చేతికి అందిన నాటి నుంచి మూడు నెలల లోపల స్టాంపు సుంకం కట్టాలని స్టాంపుల చట్టం చెబుతుంది. కవరు వచ్చిన తేదీకి రుజువు ఉండాలని కొరియర్ రసీదును కూడా దాచిపెట్టాను. మ్యుటేషన్, అంటే పట్టాలో పేర్ల మార్పు, దరఖాస్తు పడ్డాక రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణ, అభ్యంతరాలకు గడువు ఇస్తూ ప్రకటన, ఆ తరువాత విచారణ తేదీ, ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. చివరకు ఒడిశా భూరికార్డుల భూలేఖ్ వెబ్‌సైటులో, ఘరబారి (ఇంటి స్థలం) అని రాసి ఉన్న మా ప్లాటు ఎదుట అందరి పేర్లూ కనిపించినప్పుడు, ఆ తెరను ఫొటో తీసి కుటుంబ వాట్సాప్ గుంపులో పెట్టాను. అన్నయ్య ఆ రోజే పెంకుల ధర అడిగాడు.

మరమ్మతు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత ఇళ్లను చాలామంది పాడుచేసేది అక్కడే. మావి సున్నంతో కట్టిన ఇటుక గోడలు. ముందుగది పైకప్పు మద్రాసు టెర్రస్, అంటే టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి, పైన సున్నం, ఇటుక ముక్కలు కలిపి దిమ్మిస చేసినది. ఇలాంటి గోడకు సిమెంటు పూత పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక, ఉప్పు పొంగి, పూతతో పాటు ఇటుక పైపొర కూడా ఊడిపోతుంది. మొదట వచ్చిన మేస్త్రి మొత్తం సిమెంటు కొట్టిస్తే పదేళ్లు చూడక్కరలేదన్నాడు. ఆయనను సాగనంపి, గుళ్ల పనులు చేసే ఒక వృద్ధ మేస్త్రిని పిలిచాము. ఆయన సున్నాన్ని నానబెట్టి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి పూత పూయించాడు. ఖర్చు ఎక్కువైంది, కాలమూ ఎక్కువ పట్టింది. గోడ మాత్రం ఆ వానాకాలమే ఆరింది. మండువాను ముట్టుకోలేదు, గాలీ వెలుతురూ అక్కడి నుంచే కాబట్టి. పెరటి సందు నుంచి విడి దారి తీసి, ఇంటిని మూడు భాగాలు చేసి, ఒక్కొక్క దానికి స్నానాలగది, చిన్న వంటగది, కరెంటు మీటరు పెట్టించాము. ఉమ్మడి గోడలో పైపులు వేసే ముందు పొరుగువారి చేత రాతపూర్వకంగా సమ్మతి తీసుకొన్నాము.

అద్దెకివ్వడం వీటన్నిటి కన్నా తేలిక. ఏడాదికి మించిన కౌలుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అందరిలాగే పదకొండు నెలల ఒప్పందం రాశాము. కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెప్పినట్లు రెండు నెలల అద్దెనే అడ్వాన్సుగా తీసుకొన్నాము. అద్దెదారుల వివరాలు పోలీసు స్టేషనులో ఇచ్చాము. పెళ్లికానివారికి ఇస్తున్నామని, మాంసం వండుకోవచ్చన్నామని వీధిలో రెండు ఇళ్లవారు నొచ్చుకొన్నారు. మా వంట వాసన వారి ఇంటికి నేడు కొత్తగా పోతున్నది కాదని ఊరుకొన్నాను. మొదటి భాగంలో ఇద్దరు హౌస్‌సర్జన్లు, రెండో దానిలో ఒక నర్సు, వాళ్ల అమ్మగారు, మూడో దానిలో రైల్వేలో కొత్తగా చేరిన ఒక జంట చేరారు.

హౌస్‌సర్జన్లు ఏడాది తిరగ్గానే వెళ్లిపోతారు, అందులో వింత లేదు. నిలబడేది ఉద్యోగమున్న జంటలే. వారు అడిగేది పసిపిల్లను పగలు చూసుకొనే చోటు. దానికి ఇంకా ఎవరం సమాధానం చెప్పలేకపోతున్నాం. అయినా రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే టిఫిన్ కొట్టు ఒకటి మలుపులో వెలిసింది. నేను చిన్నప్పుడు చూసిన అప్పడాల కొట్టు ఉన్న చోటే అది. ఎదురింటి పెద్దాయన, అన్నయ్య మాటే ఇన్నాళ్లూ చెబుతూ వచ్చినవారు, ఈ మధ్య తమ ఇంటి పత్రాల సంచి తెచ్చి నా ముందు గుమ్మరించారు. ఆయన తండ్రిగారి పేరు నాలుగు రకాలుగా తేలింది. అఫిడవిట్లు అయ్యాయి, వారసుల ధ్రువపత్రం చేతికొచ్చింది, మ్యుటేషన్ ప్రకటన గడువు నడుస్తున్నది. అభ్యంతరం రాకపోతే వానలకు ముందే కప్పు పని మొదలుపెట్టాలని ఆ వృద్ధ మేస్త్రికి అప్పుడే బయానా ఇచ్చేశారు.