డ్రాయింగ్ మాస్టారు, ఫ్లాష్ గార్డన్

పూర్వ విద్యార్థుల సావనీరుకి ఏదైనా రాయమంటే లెక్కల మాస్టారి బెత్తం గురించో, ఇంటర్వెల్లో కొనుక్కున్న ఉప్పూకారం జామకాయల గురించో రాయడం ఆనవాయితీ. అవి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. నేను ఫ్లాష్ గార్డన్ అనే బొమ్మల కథల హీరో గురించి రాస్తాను.

ఎనభైల మొదట్లో మన బడిలో చదివినవాళ్లకి ఇంద్రజాల్ కామిక్స్ అనే బొమ్మల కథల పుస్తకాల గురించి చెప్పక్కర్లేదు. రైల్వే స్టేషన్ బుక్‌స్టాల్లో కొన్న ఒక్క పుస్తకం క్లాసంతా తిరిగి, అట్ట ఊడిపోయాక గానీ ఇల్లు చేరేది కాదు. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది, మిగతా సగం మనమే అల్లుకునేవాళ్లం. ఫాంటమ్, మాండ్రేక్ అనే హీరోల కథల కోసం కొట్టుకునేవాళ్లే ఎక్కువ. రాకెట్లున్నాయని నేను మాత్రం ఫ్లాష్ గార్డన్ కోసం కాచుక్కూర్చునేవాణ్ణి.

అలాంటి పుస్తకం ఒకటి డ్రాయింగ్ పీరియడ్లో మాస్టారి కంట పడింది. చింపేస్తారనే అనుకున్నాం. ఆయన కళ్లజోడు సవరించుకుని, పేజీలు నింపాదిగా తిరగేసి, "ఏరా, కథేంటో చెప్పు" అన్నారు. గడగడా చెప్పేశాను. తర్వాత చెక్క స్కేలు తీసి ఒక గడిలో మాటల బుడగ మీద పెట్టారు. "ఇప్పుడు చెప్పు. వీడు భయపడుతున్నాడా, కోపంగా ఉన్నాడా? వెలుతురు ఎటునుంచి వస్తోంది? మన చూపు ముందు ఎక్కడ పడుతోంది, ఎందుకు పడుతోంది?" నోట మాట రాలేదు. నల్లరంగు ఎక్కడ చిక్కగా ఉందో చూడమన్నారు. చూస్తే ముందువైపు బండరాయి, దాని వెనక నిలబడ్డవాడి వీపు, రెండూ పూర్తి నలుపు. ఆ రెండు నలుపుల మధ్య తెల్లగా వదిలేసిన జాగాలో చిన్న రాకెట్టు. కన్ను తిన్నగా అక్కడికే వెళ్తోంది. "కథ చెప్పేది ఆ తెలుపురా, బుడగ కాదు" అన్నారాయన. క్లాసులో ఎవరికి ఎక్కిందో తెలీదు గానీ నాకు మాత్రం ఎక్కింది.

ఇంకో సంగతి కూడా ఆయన చెబితేనే తెలిసింది. ఆ కథల్లో మనుషులు అప్పుడే జరిగిపోయినదాన్ని మళ్లీ ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటారు. మూడు నాలుగు గడులకోసారి ఎవడో ఒకడు లోయలోకి జారుతుంటాడు, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడతాడు. నాకది విసుగ్గా ఉండేది. నిజానికవి పేపర్లో రోజుకో వరుస చొప్పున వచ్చిన బొమ్మలు. నిన్నటిది మర్చిపోయినవాడికి మొదటి గడి, రేపు మళ్లీ పేపరు కొనేలా చేయడానికి చివరి గడి. వాటిని ముక్కలు చేసి పుస్తకం పేజీకి సర్దితే ఆ అతుకులన్నీ బయటపడతాయి. మన వీక్లీల్లో సీరియల్ రాసినవాళ్లందరికీ తెలిసిన కిటుకే.

ఉద్యోగంలో చేరాక, ఆ రోజువారీ వరుసల్లో చాలా ఏళ్లు బొమ్మలు వేసింది డాన్ బారీ అని తెలిసింది. 1951లో మొదలుపెట్టాడు. గీత శుభ్రంగా, మనుషులు మన పక్కింటివాళ్లలా ఉంటారు. కానీ అసలు ఫ్లాష్‌ని పుట్టించింది అలెక్స్ రేమండ్. 1934 జనవరి 7, ఆదివారం అమెరికా పేపర్లలో ఈ కథ మొదటి పేజీ వచ్చేనాటికి అతనికి 24 ఏళ్లు. ఐదేళ్ల ముందే మొదలైన రాకెట్ల బొమ్మల కథ బక్ రోజర్స్‌కి పోటీగా పేపర్లకి బొమ్మల కథలు అమ్మే కింగ్ ఫీచర్స్ సంస్థ తెచ్చిన కథ ఇది.

కథ మాత్రం నేల విడిచి సాము. ఒక గ్రహం భూమి మీదికి దూసుకొస్తుంటుంది. పోలో ఆటగాడు ఫ్లాష్, డేల్ ఆర్డెన్ అనే అమ్మాయి ఎక్కిన విమానం కూలబోతే పారాచూట్‌తో దూకి జార్కోవ్ అనే శాస్త్రవేత్త దగ్గర పడతారు. అతను తుపాకీ చూపించి ఇద్దర్నీ రాకెట్టెక్కిస్తాడు. చేరింది మోంగో గ్రహం, అక్కడి చక్రవర్తి మింగ్. అక్కడివాళ్లకి కిరణాల తుపాకులున్నా కత్తులతోనే కొట్టుకుంటారు. డేగమనుషుల ఆకాశనగరంలో ఫ్లాష్‌ని బానిసని చేసి, రేడియాన్ని బొగ్గులా పారతో కొలిమిలోకి ఎత్తిపోయిస్తారు. మన సైన్స్ టీచరుగారు చూసుంటే ఏమనేవారో! మింగ్ మొహం చూస్తే ఆనాటి అమెరికాలో ఆసియావాళ్ల మీద పెంచిన భయమే కనిపిస్తుంది. పెద్దయ్యాక ఆ పేజీలు చూస్తుంటే ఇబ్బందిగానే ఉంటుంది. డేల్‌కైతే ఎవరో ఒకరు ఎత్తుకుపోవడం తప్ప పెద్దగా పనుండదు.

అయినా రేమండ్ పేజీల పుస్తకాన్ని పక్కన పెట్టలేను. కారణం బొమ్మ. మొదటి వారాల్లో రేమండ్ గడులు చిన్నవి, ఇరుగ్గా ఉంటాయి. ఏడాది, రెండేళ్లు తిరిగేసరికి గడుల సంఖ్య తగ్గి సైజు పెరిగింది. చెట్ల మీదే ఊళ్లున్న అర్బోరియా అడవికీ, ఫ్రిజియా మంచు రాజ్యానికీ ఊపిరాడే చోటు దొరికింది. ముప్పైల చివరికి మాటల బుడగలే తీసేశాడు, మాటలన్నీ గడి అంచున రాతలోకి వెళ్లిపోయాయి. బొమ్మకి అడ్డం ఏమీ లేదు. మాస్టారు స్కేలుతో చేసింది ఇతను ముందే చేసి పెట్టాడన్నమాట!

దగ్గరగా పెట్టుకుని చూస్తే ఫ్లాష్ భుజం మీద నీడ ఒక్క పూతగా ఉండదు. నలుపు అంచునుంచి సన్నటి గీతలు బయల్దేరతాయి. ప్రతి గీతా మొదట్లో లావుగా ఉండి, కుంచె పైకి లేచేకొద్దీ వెంట్రుకంత సన్నమై వెలుతుర్లో కలిసిపోతుంది. కండ గుండ్రంగా కనిపించేది అందువల్లే. బట్టల మడతల దగ్గర కుంచెలో ఇంకు దాదాపు ఆరిపోయాక గీసిన గరుకు గీతలుంటాయి. తొమ్మిదో తరగతిలో మాస్టారు నా చేత ఇండియన్ ఇంకుతో ఆ లావు సన్నాల గీతలే గీయించేవారు. "మణికట్టు కాదు, భుజం కదలాలి" అని వెనకనుంచి మోచెయ్యి ఎత్తి పట్టుకునేవారు. కాగితం నిండిపోతే తిప్పి రెండో వైపు.

రేమండ్ 1944లో అమెరికా సైనిక దళమైన మెరైన్స్‌లో చేరడానికి ఫ్లాష్‌ని వదిలేశాడు, 1956లో కారు ప్రమాదంలో పోయాడు. ఫ్లాష్ గార్డన్ సినిమా తీయడానికి హక్కులు దొరక్క జార్జ్ లూకస్ స్టార్ వార్స్ తీసిన కథ అందరికీ తెలిసిందే. ఇంద్రజాల్ 1990లో ఆగిపోయింది.

రేమండ్ ఆదివారం పేజీలతో వేసిన పెద్ద సైజు పుస్తకాలు రెండు ఈ సమావేశానికి తెస్తున్నాను, బడి లైబ్రరీకి ఇచ్చేస్తాను. హెడ్మాస్టరు గారికి ఒక్క మనవి. ఖరీదైనవని బీరువాలో పెట్టి తాళం వెయ్యకండి. పిల్లలకి అందే అరలో ఉంచండి. అట్టలు ఊడితే నేను బైండు చేయించి ఇస్తాను.