మోజెల్ లోయలో అమ్మానాన్నల్ని తాకట్టు పెట్టి వెళ్ళాల్సొచ్చింది

జర్మనీలో మోజెల్ నది లోయకి వెళ్దామనుకుంటున్నాం, ఏమైనా చెప్పు అని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఒకటే, జేబులో నోట్లు పెట్టుకుని వెళ్ళండి. ద్రాక్షతోటలూ, కోటలూ, నది మలుపులూ అన్నీ ఆ తర్వాతే. నిన్న అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరాం, కోపం ఇంకా దిగలేదు, దిగేలోపే రాసేద్దామని కూర్చున్నా.

నేను ఉండేది జర్మనీలో, మైన్జ్‌లో. అమ్మానాన్న అమలాపురం నుంచి వచ్చి ఉన్నారు. ఫ్రాంక్‌ఫర్ట్ బిల్డింగులు చూపిస్తే నాన్న "హైదరాబాద్‌లో లేవా ఇవి" అనేశారు. అక్టోబరులో మోజెల్ ఒడ్డున ద్రాక్ష కోతలు జరుగుతాయి, నది అంటే ఆయనకి ప్రాణం, సరే అని శనివారం బయల్దేరాం. టికెట్ విషయం తేలిక. మా రాష్ట్రం పేరు మీద రైన్‌లాండ్-ఫాల్జ్ టికెట్ అని రోజువారీది ఉంది, ఒక్క టికెట్ మీద ఐదుగురి దాకా వెళ్ళొచ్చు, శని ఆదివారాల్లో పొద్దున్నుంచే చెల్లుతుంది, మామూలు రోజుల్లో మాత్రం తొమ్మిది దాటాలి. స్పీడు రైళ్ళు ఎక్కకూడదు, అంతే.

మైన్జ్ నుంచి కోబ్లెంజ్ దాకా రైన్ నది పక్కనే రైలు. ఎడమ ఒడ్డు మీద వెళ్తుంది కాబట్టి కుడివైపు కిటికీ పట్టండి. కోబ్లెంజ్‌లో మారితే గంటలోపే మోజెల్ ఒడ్డునున్న కోఖెం ఊరు. ఫ్రాన్సులో వోజ్ కొండల్లో పుట్టి 544 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ వచ్చిన మోజెల్ ఆ కోబ్లెంజ్ దగ్గరే రైన్‌లో కలుస్తుంది.

కోఖెం కొండ మీద కోట ఉంది. 1689లో పధ్నాలుగో లూయీ సైన్యం పేల్చేసి పోయింది, 1868లో బెర్లిన్ వ్యాపారి ఒకాయన ఆ శిథిలాలు కొని మళ్ళీ కట్టించాడు. నాన్న మోకాళ్ళ సంగతి తెలుసు కాబట్టి కింద నుంచే ఫోటోలు తీసుకున్నాం. పడవెక్కి బైల్‌స్టైన్ దాకా వెళ్ళి వచ్చాం, దారిలో లాకు వస్తుంది, పడవని లోపల పెట్టి గేట్లు మూసి నీళ్ళు నింపి పైకి లేపుతారు. నాన్న ఆ పావుగంటా రెయిలింగ్ వదల్లేదు, ధవళేశ్వరం లాకుల దగ్గర పనిచేసిన మనిషిలాగా పక్కన ఉన్న జర్మన్ తాతకి చేతులతో ఏదో వివరిస్తూనే ఉన్నారు. ఇద్దరికీ ఒక్క భాషా కలవదు.

కోఖెంలో రోడ్డు పక్కన ఫెడర్‌వైసర్ అమ్ముతున్నారు. పూర్తిగా వైన్ కాకముందు, ఇంకా పులుస్తూ ఉన్న ద్రాక్షరసం అది, మబ్బుగా పాలరంగులో ఉంటుంది, ఈ రెండు నెలలే దొరుకుతుంది. నాన్న ఒక్క గుక్క తాగి "ఇది కల్లేనమ్మాయ్, పొద్దున దించింది" అన్నారు. నిజమే, రోజులు గడిచేకొద్దీ తీపి తగ్గి కిక్కు పెరుగుతుంది. గ్యాస్ బయటికి పోవాలి కాబట్టి సీసా మూత బిగించరు, పడుకోబెడితే బ్యాగంతా పాడవుతుంది. ఒక సీసా కొన్నా. ఈ తర్వాత జరిగిన రభస అంతటిలోనూ దాన్ని నిలువుగా పట్టుకుని ఒక్క చుక్క కారకుండా మైన్జ్ చేర్చింది నేనే, ఎవరూ మెచ్చుకోలేదు కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నా.

కోఖెం దాటగానే రైలు నదిని వదిలేసి కొండలోకి దూరుతుంది. 4 కిలోమీటర్లకి పైన సొరంగం, 1879 నాటిది, నది ఇరవై కిలోమీటర్ల పైచిలుకు చుట్టూ తిరిగి వచ్చే మెలికని రైలు అడ్డంగా కోసేస్తుంది. బయటికొచ్చేసరికి కాల్మోంట్ కొండ. నిలువుగా నిలబెట్టిన గోడ మీద ద్రాక్ష నాటినట్టుంటుంది, కొన్నిచోట్ల వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది, యూరప్‌లో అంత నిటారు తోట ఇంకోటి లేదంటారు. ఇక్కడ పండేది ఎక్కువగా రీస్లింగ్, తెల్ల వైన్ చేసే ద్రాక్ష. నేలంతా పలకరాయి ముక్కలు, పగలు ఎండ పీల్చుకుని రాత్రి ఆ వేడిని తీగలకి ఇస్తాయి, ఇంత చలిదేశంలో కాయ పండేది ఆ రాళ్ళ వల్లా, నదికి ఎదురుగా పడే ఎండ వల్లానే.

ఇక ఆ రభస జరిగిన ఊరు. పేరు రాయను. కోతల సీజన్లో రైతులు సొంతింట్లోనే బల్లలు వేసి సొంత వైన్, కాస్త తిండి అమ్ముకోవచ్చు, స్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ అంటారు. ఏడాదికి నాలుగు నెలలు, నలభై సీట్లు మించకూడదు, గుమ్మానికి ఆకుల గుత్తి వేలాడుతుంటే తెరిచి ఉన్నట్టు. లైసెన్సు తలనొప్పి లేదు వాళ్ళకి. మేం వెళ్ళిన చోట పెద్దావిడ ఒకరు నడుపుతున్నారు. బల్ల దగ్గర కూర్చోకముందే కౌంటర్ మీద కార్డు మెషీన్ చూశాను, చూసి కూడా "కార్డు తీసుకుంటారా" అని జర్మన్‌లో అడిగాను. "యా, యా" అంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అమ్మ శాకాహారి. ఉల్లిపాయ కేకు అంటే అందులో పంది మాంసం ముక్కలు వేస్తారు, లేకుండా చేయమంటే ముఖం ముడుచుకుని చేసింది. అమ్మకి ద్రాక్షరసం, నాకూ నాన్నకీ రీస్లింగ్. తీపి లేనిది, కాస్త తీపి ఉన్నది రెండూ తెప్పించాం, ఎనిమిది తొమ్మిది శాతం మాత్రమే ఆల్కహాల్ ఉన్న కాబినెట్ రకం నాన్నకి నచ్చింది. బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆకుపచ్చ ఆపిల్ కొరికినట్టు పులుపు, వెనకాల తీపి.

బిల్లు వచ్చింది. కార్డు పెట్టాను. మెషీన్ ఒప్పుకోలేదు. ఇంకోసారి పెట్టాను. ఆవిడ కార్డు లాక్కుని అటూ ఇటూ తిప్పి, గది మొత్తానికి వినపడేలా "ఇది కాదు, గిరోకార్డ్ కావాలి" అంది. విషయం ఏంటంటే, జర్మనీ బ్యాంకులకి గిరోకార్డ్ అని ఇక్కడే చెల్లే సొంత పద్ధతి ఒకటి ఉంది, పల్లెల్లో చాలా మెషీన్లు అదొక్కటే తీసుకుంటాయి. నాది ఫోన్లోనే ఖాతా తెరిచే బ్యాంకు, వాళ్ళిచ్చింది ప్రపంచమంతా పనికొచ్చే డెబిట్ కార్డు, ఈ ఊళ్ళో తప్ప. కార్డు తీసుకుని తీరాలని ఇక్కడ చట్టమేమీ లేదు, నేనూ ఒప్పుకుంటా. కానీ అడిగినప్పుడు యా యా ఎందుకన్నట్టు?

పక్క బల్లల వాళ్ళు గ్లాసులు దించి మరీ చూస్తున్నారు. నాన్న పర్సులోంచి ఇరవై యూరోల నోటు తీశారు, అమ్మ సూపర్ మార్కెట్ చిల్లర అంతా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బల్ల మీద పోసి ఒక్కొక్క నాణెం చూసి లెక్కపెట్టింది, అది చూడ్డం నా వల్ల కాలేదు. ఇంకా సగం తక్కువ. అకౌంట్ నంబర్ ఇవ్వండి, ఇప్పుడే పంపిస్తా అన్నాను. 2025 అక్టోబరు నుంచి యూరో వాడే దేశాల బ్యాంకులన్నీ పది సెకన్లలో డబ్బు పంపే సదుపాయం ఇవ్వాల్సిందే, మన యూపీఐ అంత సులువు కాకపోయినా పని జరుగుతుంది. ఆవిడ "బ్యాంకు సంగతులు మా అబ్బాయి చూస్తాడు, వాడు తోటలో ఉన్నాడు" అంది. ఊళ్ళో ఏటీఎం? తీసేశారట. దొంగలు ఏటీఎంలు పేల్చేస్తున్నారని చాలా పల్లెల్లో తీసేస్తున్నారు, 2022లో జర్మనీ మొత్తం మీద దాదాపు 500 దాడులు జరిగాయి, అది నాకూ తెలుసు. అప్పుడు అంది, "పాస్‌పోర్టు పెట్టి వెళ్ళండి."

నాన్న రిటైర్డ్ హెడ్మాస్టరు. జీవితంలో కిరాణా కొట్లో కూడా అరువు పెట్టలేదు. "పాస్‌పోర్టు ఎవరికీ ఇవ్వను. నువ్వెళ్ళి డబ్బు తీసుకురా, మేం ఇక్కడే కూర్చుంటాం" అన్నారు నాతో. ఆవిడకి చెప్పాను. "మీవాళ్ళు కదలరు కదా" అంది. నేను అనువదించలేదు. అనువదించకపోయినా నాన్నకి అర్థమైపోయింది.

పక్క ఊరికి నది ఒడ్డున సైకిల్ బాట. కోపంతో నడుస్తుంటే దూరం తెలియలేదు, కానీ తోటలు మాత్రం మొహం మీదికే వచ్చాయి. ప్రతి తీగకీ ఒక్కో కర్ర, కొమ్మల్ని రెండు పక్కలకీ వంచి కట్టడం వల్ల హృదయం బొమ్మలా కనపడతాయి. ఒంటి పట్టా మీద చిన్న బండి కొండ పైనుంచి కాయల పెట్టెలతో గడగడలాడుతూ దిగుతోంది, మనిషి నిలబడలేని వాలులో అదే దిక్కు. వేరే రోజైతే గంటసేపు నిలబడేదాన్ని. ఏటీఎం దొరికింది, నా డబ్బు నాకివ్వడానికి ఫీజు కూడా తీసుకుంది.

తిరిగొచ్చేసరికి మా బల్ల వేరేవాళ్ళకి ఇచ్చేసింది. అమ్మానాన్న గుమ్మం బయట బెంచీ మీద ఉన్నారు, చలిలో, కౌంటర్‌లోంచి ఆవిడకి కనపడేలా. అమ్మ మాట్లాడలేదు. నాన్న మాత్రం గోడ మీద వరద గీతలు చూపించారు, అన్నిటికంటే పైన ఉన్నది 1993 డిసెంబరుది. "86లో గోదారి మన ఊళ్ళోకొచ్చినప్పుడు పైవాళ్ళ డాబా మీద మూడు కుటుంబాలు వండుకు తిన్నాం, ఎవరూ ఎవర్నీ ఏం అడగలేదు" అన్నారు. నాకు బెంచీ చూస్తేనే ఒళ్ళు మండుతోంది, ఈయన వరద కథలు చెబుతున్నారు.

డబ్బు ఇచ్చాను. రెండుసార్లు లెక్కపెట్టుకుని, చిల్లర ఇచ్చి, శుభ సాయంత్రం అంది. టిప్పు ఒక్క సెంటు ఇవ్వలేదు. మర్యాదగల దేశం, పద్ధతిగల దేశం అని ఇక్కడ అందరూ ఊదరగొడతారు కానీ డెబ్బై ఏళ్ళ మనుషుల్ని పూచీకత్తు కింద కూర్చోబెట్టడం ఏ పద్ధతో నాకు చెప్పండి. ఒక్క కాగితం మీద "ఈ కార్డులే" అని రాసి అంటిస్తే పోయేది.

రైలు తప్పిపోయింది, తర్వాతది గంటకి. ఆ రోజువారీ టికెట్ మర్నాడు తెల్లవారుజామున మూడింటి దాకా చెల్లుతుంది కాబట్టి ఆ టెన్షన్ లేదు.

వెళ్ళేవాళ్ళకి ఇంకో రెండు మాటలు. సోమవారం చాలాచోట్ల సెలవు. మోజెల్ ఒడ్డునే ఉన్న ఇంకో ఊరు బెర్న్‌కాస్టెల్-క్యూస్‌కి రైలు లేదు, బస్సే గతి, టైములు ముందే చూసుకోండి. శాకాహారులైతే "ఓనే ష్పెక్", అంటే పంది మాంసం ముక్కలు లేకుండా, అని రెండుసార్లు చెప్పండి. నా బ్యాంకుకి పొద్దున్నే ఘాటుగా రాశాను, గిరోకార్డ్ కావాలంటే నెలనెలా విడిగా కట్టాలట. కట్టను. నోట్లే పెట్టుకుని వెళ్తా. నాన్న బెర్న్‌కాస్టెల్ ఎప్పుడని అప్పుడే అడుగుతున్నారు, ఈసారి డబ్బు ఆయన దగ్గరే ఉంటుందట.