బుడాపెస్ట్‌లో ఒక్కదాన్నే, మొదటి రోజు

సెప్టెంబర్‌లో వియన్నాలో ఆఫీసు పని అయిపోయాక నాలుగు రోజులు సెలవు పెట్టి రైల్లో హంగేరీ రాజధాని బుడాపెస్ట్ వెళ్లాను. ఒక్కదాన్నే ఊరు చూడటం అదే మొదటిసారి. అంతకుముందు తిరిగినవన్నీ ప్యాకేజీ టూర్లే, పొద్దున్నే బస్సెక్కడం, దిగి ఫొటో తీసుకోవడం, మళ్లీ బస్సు. అందుకే ఈసారి మొదటి రోజుకి ఒకటే అనుకున్నా: నచ్చిన చోట కూర్చోవాలి, ఎంతసేపైనా సరే.

ఓక్టోగోన్ దగ్గర ఎం1 మెట్రో ఎక్కాను. 1896లో మొదలైన లైను, యూరప్ ప్రధాన భూభాగం మీద మొదటి భూగర్భ రైలు ఇదే. రోడ్డు మీంచి కొన్ని మెట్లు దిగితే చాలు, తెల్ల టైల్స్ గోడలు, చిన్న పసుపు పెట్టెలు. ఒక్క జాగ్రత్త: ఇక్కడ కాగితం టికెట్ కొంటే సరిపోదు, మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించాలి, లేకపోతే ఫైన్ వేస్తారు. నేను 24 గంటల పాస్ తీసుకున్నా కాబట్టి ఆ టెన్షన్ లేదు.

చివరి స్టేషన్‌లో దిగి, వాట్సి వీధి పొడవునా నడుచుకుంటూ పెద్ద మార్కెట్‌కి చేరాను. 1897 నాటి భవనం. లోపలికి అడుగుపెట్టగానే ఎండుమిరపకాయల దండలు! మాది గుంటూరు పక్క పల్లె, మిరప కల్లాల మధ్య పెరిగినదాన్ని, కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అమెరికా ఖండం నుంచి బయల్దేరిన ఒకే మొక్క మనకి పోర్చుగీసు వాళ్లతో, వీళ్లకి టర్కీ వాళ్లతో వచ్చిందంటారు. ఇక్కడ దాని పేరు పాప్రికా. 'ఎదేశ్' అంటే తియ్యటిది, 'చీపోష్' అంటే కారంది. అమ్మే ఆవిడ చీపోష్ చిటికెడు చేతిలో వేసింది, రంగు మన కారంలాగే ఉంది, ఘాటు మాత్రం మనదానికి చాలా దూరం. రెండు పొట్లాలు కొని పైఅంతస్తులో లాంగోష్ తిన్నాను, పులిసిన పిండి నూనెలో వేయించి పైన వెల్లుల్లి, పుల్లటి మీగడ, చీజ్ వేసిస్తారు. వేడిగా తినాలి, ఒకటి ఇద్దరికి సరిపోతుంది.

అక్కణ్ణించి 2 నంబర్ ట్రామ్. డాన్యూబ్ ఒడ్డునే వెళ్తుంది, నది కనిపించేవైపు కూర్చోండి. పార్లమెంటు దగ్గర దిగాను. దాని గుమ్మటం ఎత్తు 96 మీటర్లు, మజ్యార్లు, అంటే హంగేరియన్ల పూర్వీకులు, ఈ నేలకి వచ్చిన 896వ సంవత్సరానికి గుర్తుగా.

కాస్త కిందికి నడిస్తే నది అంచున ఇనుప చెప్పులు, బూట్లు, అరవై జతలు. 1944-45 చలికాలంలో హంగేరీ ఫాసిస్టు పార్టీ అయిన యారో క్రాస్ మూకలు యూదుల్ని ఇక్కడ నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలో పడేశారు. 2005లో పెట్టిన స్మారకం ఇది. పిల్లల బూట్లు కూడా ఉన్నాయి. ఎవరో వాటిలో పువ్వులు పెట్టారు. గంటకు పైనే కూర్చున్నాను, ఫొటో తీయబుద్ధి కాలేదు.

తర్వాత చైన్ బ్రిడ్జి మీదుగా నడిచి నదికి అవతల ఉన్న బుడా వైపు వెళ్లాను. 1849లో కట్టింది, 1945లో జర్మన్ సైన్యం పేల్చేసింది, మొదట తెరిచిన సరిగ్గా వందేళ్లకి 1949లో మళ్లీ తెరిచారు. మెల్లగా గుట్టెక్కి, ఊరంతా కనిపించే బురుజుల వరండా ఫిషర్‌మెన్స్ బాస్టియన్ చేరేసరికి పొద్దు వాలుతోంది. చీకటి పడ్డాక అవతలి ఒడ్డున పార్లమెంటుకి దీపాలు వెలిగాయి, నీళ్లన్నీ బంగారం రంగు. అమ్మకి వీడియో కాల్ చేశాను, మనకి రాత్రి పదకొండు దాటింది.

"మన కృష్ణంత ఉందా ఆ నది?"

"బ్యారేజీ దగ్గరున్నంతలో సగం కూడా ఉండదమ్మా."

"సరేలే, ఆ దీపాలు ఇంకోసారి చూపించు."