అంగీతో పాటు పుస్తకాలు

బైబిలులో అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయంలో మనం సాధారణంగా ఆగకుండా దాటిపోయే వచనం ఒకటి ఉంది. త్రోయలో కర్పు దగ్గర వదిలి వచ్చిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తీసుకురమ్మని ఆయన తిమోతిని అడుగుతాడు. తాను వెళ్లిపోయే కాలం సమీపించిందని, పరుగు కడముట్టించానని రాసింది కూడా అదే అధ్యాయంలోనే. శీతకాలం రాకముందే వచ్చే ప్రయత్నం చేయమని మరీ మరీ చెబుతాడు. బంధకాలలో ఉన్న మనిషి చలికి అంగీ అడగడంలో వింత లేదు. కానీ పరుగు ముగిసిందని చెప్పిన వాడికి ఇంకా చదవవలసినది మిగిలి ఉండడం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

చాలా ఏళ్ల క్రితం నా చేతిలో ఒక నవల చూసి, మా సంఘ పెద్ద ఒకరు "వాక్యం ఉండగా ఇవన్నీ దేనికి బాబూ?" అని అడిగారు. ఆయన మందలించలేదు, నా ఆత్మ ఏమవుతుందోనన్న బెంగతోనే అడిగారు. చదివితే భాష బాగుపడుతుందని ఏదో చెప్పి అప్పటికి తప్పించుకున్నాను. అది నిజమే అయినా, ఆ ప్రశ్నకు తగిన జవాబు కాదు.

దేవుణ్ణి ప్రేమించమనే ద్వితీయోపదేశకాండంలోని ప్రధానమైన ఆజ్ఞ హృదయం, ఆత్మ, శక్తి అనే మూడింటిని పేర్కొంటుంది. మార్కు సువార్తలో యేసు ప్రభువు అదే ఆజ్ఞను చెప్పినప్పుడు "పూర్ణవివేకముతోను" అనే మాట కూడా ఉంటుంది. అంటే ఆలోచించే శక్తి కూడా దేవుణ్ణి ప్రేమించడానికి ఉన్న అవయవమే. మనం కానుకగా ఏం తెచ్చినా మంచిదే తేవాలనుకుంటాం గదా. బుద్ధిని మాత్రం ఎండబెట్టి తెస్తే చాలని ఎందుకు అనుకుంటామో నాకు అర్థం కాదు.

అయితే ఆ పెద్దాయన భయానికి పునాది లేదని నేను అనను. నాలుగవ శతాబ్దపు క్రైస్తవ పండితుడు జెరోమ్ కథ ఆయన పక్షాన నిలిచే కథ. జెరోమ్ ఉపవాసాలు చేస్తూ కూడా క్రీస్తుకు ముందటి రోమన్ వక్త సిసెరోను చదవడం మానలేకపోయాడు. ఆ తరువాత ప్రవక్తల గ్రంథాలు తెరిస్తే వారి భాష మొరటుగా తోచేది. జబ్బుపడి మంచాన ఉన్న రోజుల్లో, న్యాయాధిపతి యెదుట నిలబడినట్టు ఆయనకు కల వచ్చింది. "నీవెవరు?" అని అడిగితే "క్రైస్తవుణ్ణి" అన్నాడు. "అబద్ధం, నీవు సిసెరో మనిషివి, క్రీస్తు మనిషివి కావు" అన్న తీర్పు వినిపించింది, కొరడా దెబ్బలు పడ్డాయి. ఇకమీదట లౌకిక గ్రంథాలు ముట్టనని కలలోనే ఒట్టు పెట్టుకున్నాడు. ఈ సంగతిని ఆయనే 384లో ఒక ఉత్తరంలో రాశాడు. కానీ ఆ ఒట్టు నిలిచినట్టు ఆయన రచనలు చెప్పవు. లౌకిక సాహిత్యాన్ని ఎందుకు ఉదహరిస్తున్నావని తరువాతి కాలంలో ప్రశ్న వచ్చినప్పుడు, పౌలు గ్రీకు కవులను ఉదహరించలేదా అని జెరోమే సమాధానమిచ్చాడు. నా మట్టుకు నాకు జెరోమ్ తప్పు సిసెరోను చదవడంలో కనబడదు. సిసెరో వాక్యసౌందర్యాన్ని కొలబద్దగా పట్టుకొని ప్రవక్తలను కొలవడంలో కనబడుతుంది. ఏది దేనిని కొలవాలో మరచిపోయే ప్రమాదం ప్రతి చదువరికీ ఉంది, నాకూ ఉంది.

ఏథెన్సులో పౌలు దీనికి భిన్నంగా నడుచుకున్నాడు. పట్టణం విగ్రహాలతో నిండి ఉండడం చూసి ఆయన ఆత్మ పరితపించింది. అయినా అరేయొపగు అనే అక్కడి సభ మధ్య నిలిచి మాట్లాడినప్పుడు "మీ కవీశ్వరులలో కొందరు" అంటూ, మనమాయన సంతానమన్న వారి మాటనే ఎత్తుకున్నాడు. ఆ మాట అరాటస్ అనే కవి నక్షత్రాల మీద రాసిన కావ్యంలోది, అక్కడ కవి ఉద్దేశించినది జ్యూస్‌ను. అన్యదేవత మీద చెప్పిన పద్యపాదాన్ని సమయానికి గుర్తు తెచ్చుకొని, దానిలోని సత్యాన్ని దాని అసలు యజమానికి అప్పగించాలంటే, ముందు ఆ పద్యం తెలిసి ఉండాలి.

సంగతి వినకముందే ప్రత్యుత్తరమిచ్చేవాడు మూఢుడని సామెతల గ్రంథం అంటుంది. చదవడమంటే నాకు ప్రధానంగా ఈ వినడమే. ఆరవ శతాబ్దంలో బెనెడిక్ట్ తన సన్యాసులకు రాసిన నియమావళిలో, ఈస్టరుకు ముందు వచ్చే లెంటు ఉపవాస దినాల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పుస్తకం ఇవ్వాలని, దాన్ని మొదటి నుంచి వరుసగా పూర్తిగా చదవాలని ఉంది. వరుసగా, పూర్తిగా అన్న ఆ షరతు నాకు ఎంతో ఇష్టం. నచ్చిన చోట వాలి, నచ్చని చోట లేచిపోయేవాడు రచయిత మాట వినడు, తన మాటే మళ్లీ వింటాడు.

ఆ మధ్య దేవుణ్ణి నమ్మని రచయిత రాసిన ఒక నవల చదివాను. అందులో ఒక తండ్రి కొడుకు సమాధి దగ్గర నిలబడి, పాదిరి ఎంత చెప్పినా ప్రార్థనకు తల వంచడు. ఆ పేజీ అంచున, ఆ తండ్రికి జవాబుగా, పెన్సిలుతో ఒక వచనం సంఖ్య రాయడం మొదలుపెట్టాను. అధ్యాయం అంకె రాసేసరికి చెయ్యి ఆగింది. నేను ఇంకా ఆ పేజీ చివరికి కూడా రాలేదు. రాసినది చెరిపి, మొదటి వాక్యం నుంచి మళ్లీ చదివాను. ఈసారి ఆ తండ్రి కోటు జేబులో ఉన్న పిల్లవాడి మేజోడు కనబడింది. మొదటిసారి దాని మీదుగానే దాటిపోయాను.

కొన్ని నెలలకు, బిడ్డను పోగొట్టుకున్న ఒకాయన ఇంటికి వెళ్లవలసి వచ్చింది. బైబిలు నా ఒడిలోనే ఉంది, వచనం నాలుక చివరనే ఉంది. యోబు స్నేహితులు మొదటి ఏడు దినాలు ఏమీ మాట్లాడకుండా అతనితో నేలమీద కూర్చున్నారన్నది జ్ఞాపకం వచ్చింది. బైబిలు తెరవకుండా, ఆయన తనంతట తాను మాట్లాడేదాకా పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన పిల్లవాడి పేరుతో మొదలుపెట్టాడు.