ముందు థర్మామీటర్, తర్వాతే డోలో

ఇంగ్లండ్‌లో కీమో వార్డు నర్సుని నేను. వారానికి రెండు రోజులు ఫోన్ డ్యూటీ. కీమో చేయించుకుని ఇంటికెళ్ళినవాళ్ళు రాత్రయినా పగలయినా చేసే నంబరు అది. మూడు వారాలకోసారి కీమో అంటే, మా కుర్చీలో కూర్చునేది ఒక్క పూట. మిగతా ఇరవై రోజులూ వాళ్ళు ఇంట్లోనే, నోటి పుళ్ళతోనూ నిద్ర పట్టని భయంతోనూ.

మొన్న డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు, వచ్చే అపాయింట్‌మెంట్ ఎన్నింటికని అడగడానికి ఫోన్ చేశారు. మాట్లాడుతుంటే పళ్ళు టకటకమని కొట్టుకోవడం వినిపిస్తోంది. చలిగా ఉందా అంటే, "కొంచెం. ఈ మాత్రానికి మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని..." అన్నారు. థర్మామీటర్ పెట్టించాను. 37.1 సెల్సియస్, జ్వరం లేనట్టే. కానీ గంట ముందే రెండు పారాసిటమాల్ వేసుకున్నారు. అంటే ఆ అంకెని నమ్మడానికి లేదు. వెంటనే అంబులెన్స్ పంపించాను. కుక్కకి అన్నం ఎవరు పెడతారన్నదొక్కటే ఆయన టెన్షన్. పక్కింటావిడతో మాట్లాడి ఆ సంగతి చెప్పాకే తలుపు తాళం తీశారు.

కీమో అయిన వారం నుంచి రెండు వారాల లోపు, ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 37.5, అంటే మన ఫారెన్‌హీట్ లెక్కలో 99.5, వచ్చినా ఇక్కడ పరుగులే. ఆసుపత్రికి చేరిన గంటలో యాంటీబయాటిక్ ఎక్కాలి. మాత్ర వేస్తే జ్వరం దాక్కుంటుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది.

ఇవన్నీ తెలిసిన నేను ఇక్కడున్నాను. తెనాలిలో మా నాన్నకి రెండో కీమో తర్వాత ఒళ్ళు కాలిపోతే, అమ్మ డోలో వేసి, తడిగుడ్డ వేసి, "పొద్దున్నే చూద్దాంలే" అనుకుంది. నాకు చెప్తే డ్యూటీలో కంగారు పడతానని చెప్పలేదు. కీమో ఇచ్చిన ఆసుపత్రి హైదరాబాద్‌లో. ఆ రాత్రి ఫోన్ చేయడానికి అమ్మ దగ్గర ఒక్క నంబరూ లేదు. నాన్న నాలుగు రోజులు ఐసీయూలో ఉండి బయటపడ్డారు. అమ్మని ఏమనగలను? ఎవరూ ఆవిడకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించమన్నాను: ముందు థర్మామీటర్, తర్వాతే డోలో. 99.5 వచ్చినా నాకు ఫోన్, దగ్గర్లోని పెద్దాసుపత్రికి ఆటో, అక్కడ మొదటి మాటగా "కీమో నడుస్తోంది" అని చెప్పడం.

ఇప్పుడు మధ్యాహ్నం బ్రేక్‌లో నేను డబ్బా తెరిచేసరికి అక్కడ సాయంత్రం ఐదవుతుంది, అమ్మ ఫోన్ వస్తుంది. కళ్ళజోడు పెట్టుకుని అంకెలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుతుంది. ఈసారి కీమో అయ్యి ఇవాళ పదకొండో రోజు.

"తొంభై ఎనిమిది పాయింట్ రెండు తల్లీ. రెండుసార్లు చూశా."