అప్పు లేనివాడి ఆకుకూర

మహాభారతం అరణ్యపర్వంలో యక్షుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నల్లో చాలా చిన్నది ఒకటుంది. "కో మోదతే?" సంతోషంగా ఉండేవాడు ఎవడు? ధర్మరాజు ఇచ్చిన జవాబు ఇది:

పంచమేఽహని షష్ఠే వా శాకం పచతి స్వే గృహే
అనృణీ చాప్రవాసీ చ స వారిచర మోదతే

ఎంత ఆలస్యమైనా సరే, తన ఇంట్లో తాను ఇంత ఆకుకూర వండుకుని తినేవాడు, అప్పు లేనివాడు, బతుకుతెరువు కోసం పరాయి ఊళ్లో ఉండక్కర్లేనివాడు, అతడే సంతోషంగా ఉంటాడని తాత్పర్యం. మొదటి పాదానికి పగటిపూట బాగా పొద్దెక్కాక అని కొందరు, ఐదారు రోజులకు ఒకసారి అని కొందరు అర్థం చెబుతారు. ఎలా చూసినా తిండి కొంచెమే, అదీ ఆలస్యంగానే.

ఈ శ్లోకం చదివేటప్పుడు చెప్పినవాడి పరిస్థితి కూడా తలుచుకోవాలి. జూదంలో రాజ్యం పోయింది. పన్నెండేళ్ల అరణ్యవాసం చివరికొచ్చింది. కళ్లెదుట మడుగు ఒడ్డున నలుగురు తమ్ముళ్లు ప్రాణం లేకుండా పడి ఉన్నారు. ఆ సమయంలో సంతోషం గురించి అడిగితే, ఒకప్పుడు రాజసూయం చేసిన ఆ మహారాజు సింహాసనం మాట ఎత్తలేదు, గెలుపు మాట ఎత్తలేదు. సొంత పొయ్యి, ఆకుకూర, అప్పు లేకపోవడం, ఇంటిపట్టున ఉండటం. అన్నీ పోగొట్టుకున్నాక ఏది నిజంగా కావాలో తెలిసినవాడి మాట అది. అందుకే నాకు ఈ జవాబు మీద అంత గురి.

బెంగళూరులో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఈ శ్లోకం రెండు చోట్ల తగులుతుంది. చిత్తూరు నుంచో, అనంతపురం నుంచో, నెల్లూరు నుంచో వచ్చి మారతహళ్లిలో, కేఆర్ పురంలో అద్దె ఇళ్లల్లో ఉంటున్నాం. అంటే అప్రవాసులం కాదు. ఇక అప్పు సంగతి. ఈ ఊళ్లో ఇల్లు దొరకాలంటే పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం చాలాకాలంగా ఉన్న అలవాటు. చాలామందికి మొదటి అప్పు అక్కడే పుడుతుంది. ఆ తర్వాత స్కూలు ఫీజు, ఊళ్లో నాన్నగారి ఆపరేషన్, చెల్లెలి పెళ్లి. ఎవరూ సరదాకి చేసిన అప్పులు కావివి. అప్పు ఉన్నవాళ్లను తప్పు చేసినవాళ్లలా చూసే మాటలు నాకు నచ్చవు.

ఉద్యోగం ఇక్కడున్నంతకాలం ప్రవాసం తప్పదు. రెండో షరతు మాత్రం నెలనెలా కొంచెం కొంచెంగా మన చేతిలోకి తెచ్చుకోగలిగింది. ధర్మరాజు దాన్ని పొయ్యి పక్కనే పెట్టాడు చూడండి. అప్పు తీరడం బ్యాంకులో జరిగే పని అనుకుంటాం కానీ, అది జరిగేది వంటింట్లోనే. ఈ వారం కూరగాయలకు ఎంత, పాలకు ఎంత, బయట తినడం ఎన్నిసార్లు అన్న లెక్కలోనే ఈఎంఐ మీద అదనంగా కట్టే డబ్బు మిగులుతుంది. ఇంట్లో ఆ లెక్క చూసేవాళ్లు చేస్తున్నది తక్కువ పూజ కాదు.

అరణ్యపర్వంలోనే ఆకుకూర ఇంకొక చోట కూడా వస్తుంది. ద్రౌపది భోజనం చేసేసింది, అక్షయపాత్ర ఆ పూటకి ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే దుర్వాసుడు శిష్యులతో వచ్చి స్నానానికి వెళ్లాడు. ఏం చేయాలో తోచక ఆమె కృష్ణుణ్ణి తలుచుకుంది. ఆయన వచ్చి, పాత్ర తెమ్మని, దాని అంచుకు అంటుకున్న కాస్త ఆకుకూర, మెతుకు తీసి నోట్లో వేసుకున్నాడు. అంతే, నదిలో ఉన్న మునులందరికీ కడుపు నిండిపోయింది. ఆ ఇంట్లో లేనిదాన్ని దేవుడు అడగలేదు. మిగిలిన ఆకునే తీసుకున్నాడు.

శ్రావణమాసం వచ్చినప్పుడు నాకు ఈ కథ పదేపదే గుర్తొస్తుంది. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు కేఆర్ మార్కెట్‌లో పూల ధరలు ఎలా ఉంటాయో ఇక్కడున్న వాళ్లకు చెప్పక్కర్లేదు. అమ్మవారి వెండి ముఖం, కొత్త పట్టుచీర, వచ్చిన ముత్తయిదువులందరికీ రిటర్న్ గిఫ్టులు, వీటికోసం క్రెడిట్ కార్డు గీకే ఇళ్లు ఉన్నాయి. నేను గట్టిగా చెప్పే మాట ఒకటే. అప్పు ఉందని వ్రతం మానకండి, వ్రతం కోసం అప్పు చేయకండి. కలశం, పసుపు, పెరట్లోదో పక్కింటివారు ఇచ్చిందో నాలుగు పూలు, తొమ్మిది పోగుల తోరం, ఇంత పరమాన్నం చాలు. గీతలో స్వామి అడిగింది కూడా పత్రం, పుష్పం, ఫలం, తోయం.

కార్డు సంగతి ఎత్తాను కాబట్టి కాస్త లెక్క చూద్దాం. నెలకు మూడున్నర శాతం వడ్డీ ఉన్న కార్డు మీద లక్ష రూపాయలు బాకీ మిగిలిందనుకోండి. ఆ నెల వడ్డీ 3,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 630. మీరు 5,000 కడితే అసలులో తగ్గేది 870 మాత్రమే. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం, కడుతున్నాం కదా అని ధైర్యంగా ఉండటానికి లేదు. బీరువాలో ఉన్న బంగారం మీద తక్కువ వడ్డీకి లోన్ తీసుకుని కార్డు బాకీ ముందు తీర్చేయడం చాలాసార్లు మేలు, ఆ కార్డు మళ్లీ వాడకుండా ఉండగలిగితే. వాయిదా తప్పిన ఇళ్లల్లో దీపం పెట్టే వేళకి ఫోన్ మోగితే గుండె దడదడలాడుతుంది. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. ఆ మాట వాళ్లకు నెమ్మదిగా చెప్పండి, భయపడకండి.

"వెంకన్నకే అప్పు తప్పలేదు, మనమెంత" అని చాలామంది అంటుంటారు. ఆ మాటలో ఊరట ఉంది, కాదనను. అయితే ఆయన అప్పు ఎలా చేశాడో కూడా చూడాలి. వేంకటాచల మాహాత్మ్యంలో ఆ ఋణపత్రం వివరంగా ఉంది. ఏ సంవత్సరం, ఏ తిథి, ఎవరి దగ్గర, దేనికోసం, పద్నాలుగు లక్షల రామముద్ర నిష్కాలు, వడ్డీతో సహా ఎప్పటిలోగా తీర్చాలి, అన్నీ రాసి ఉన్నాయి. సాక్షులు బ్రహ్మ, శివుడు, ఒక రావిచెట్టు. లక్ష్మీపతి కూడా చాటుగా చేతులు చాచలేదు.

మన ఇళ్లల్లో అప్పు బరువు సగం దాపరికంలోనే ఉంటుంది. ఆయనకు తెలిసిన యాప్ లోన్ ఆవిడకు తెలియదు, ఆవిడ వేసిన చీటీ ఆయనకు తెలియదు. ఒక శనివారం పూజ అయ్యాక భార్యాభర్తలిద్దరూ కూర్చుని, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటిలోగా అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మా ఇంట్లో ఆ పుస్తకం దేవుడి గూటి కింద అరలోనే ఉంటుంది. కాస్త పెద్ద పిల్లలుంటే ఈ ఏడాది టూర్ ఎందుకు లేదో వాళ్లకూ చెప్పండి, అర్థం చేసుకుంటారు.

ఆఖరి వాయిదా కట్టిన రోజున ఇక బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. కుదువపెట్టిన గాజులు, ఇచ్చిన చెక్కులు వెనక్కి తెచ్చుకుని, ఒక పూట స్వామి ముందు ఉంచండి. ఒకటి రెండు నెలలయ్యాక, మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా 'క్లోజ్డ్' అని మారిందో లేదో చూసుకోండి. 'సెటిల్డ్' అని కనిపిస్తే అది మొత్తం కట్టినట్టు కాదు, వెంటనే ఆ సర్టిఫికెట్ చూపించి సరిచేయించుకోండి.